కరెంటుకు నీరుగంటి

మా కాలనీలో పొద్దుగూకిందని తెలుసుకోవడానికి ఆకాశం చూడక్కర్లేదు. మేకలు వస్తాయి, పిల్లలు వస్తారు, ఆఖరున చప్పుడు లేకుండా కరెంటు ఆటోలు వస్తాయి. ఆటో వాకిట్లో ఆగీ ఆగకముందే డ్రైవరు కిటికీలోంచి వైరు లాగి ప్లగ్గు పెట్టేస్తాడు, ఎద్దును గాటికి కట్టి గడ్డి వేసినట్టు. అదే వేళకు ఇంటింటా దీపాలు, ఫ్యాన్లు, కూలర్లు, నీళ్ళ మోటర్లు. ఆ ఎండాకాలం సరిగ్గా అదే వేళకు మా ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మనేది. కాలనీ మొత్తం చీకట్లో మునిగేది. ఆ తర్వాత అందరూ కలిసి తిట్టేది మమ్మల్ని, ఆటోలవాళ్ళను.

నేనూ ఆటో తోలుతాను. పేరు ఈశ్వరి. ధర్మవరం రైలుస్టేషన్లో దిగే పెళ్ళివాళ్ళను పట్టుచీరల అంగళ్ళకు చేర్చడం నా పని. మా ఆయన నాగేశ్వర పట్టుకు రంగులద్దే షెడ్డులో కూలి. చేతులు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పచ్చగా వేసుకుని ఇంటికొస్తాడు. ఇంట్లో మూడో మనిషి మా మామ ఆంజినప్ప.

మామ శింగనమల దిక్కు ఒక పల్లెలో నీరుగంటిగా బతికిన మనిషి. చెరువు నీళ్ళు ఏ మడికి ఎప్పుడు పారాలో తేల్చి, కాలువల వెంబడి తిరిగి పారించేవాడు. పంట కల్లంలో ఉండగానే ప్రతి రైతూ ఆయనకు ఇంత ధాన్యం మేరగా కొలిచి ఇవ్వాలి, అది ఊరి కట్టు. ఏటా కరువులొచ్చి చెరువులో నీళ్ళు లేకపోయాక పంచేదేముంది, మేర ఇచ్చేదెవరు? పార భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చేశాడు. పార తలుపు మూలకు చేరింది, ఆయన మంచానికి చేరాడు. పలకరిస్తే పలికేవాడు, లేకుంటే లేదు. పని లేని మనిషికి కోపం కూడా బరువే అనిపిస్తుంది నాకు ఆయన్ను తలుచుకుంటే.

ఆ సాయంత్రం ట్రాన్స్‌ఫార్మరు మళ్ళీ పేలగానే మల్లికార్జునన్న మనుషులను వెంటేసుకుని వచ్చాడు. ముందర వరసలో మొదటి ఇల్లు ఆయనది, ట్రాన్స్‌ఫార్మరుకు ఎదురుగానే. నేసి, నలుగురి చేత నేయించే ఇల్లు. చెడ్డవాడు కాదు. కానీ పెళ్ళిళ్ళ కాలంలో నేతగాడికి ఎదురుపడటం, కందిరీగల తుట్టెకు ఎదురుపడటం ఒకటే.

"ఏమప్పా, మీరు బతకల్ల, మేము సావల్లనా?" అన్నాడు ఆటోలవాళ్ళందరినీ ఒకచోట నిలబెట్టి. "మగ్గం మీద పెండ్లికూతురి చీర ఉండాది. ఫ్యాను లేకుంటే నేసేవాని చెమట పట్టు మీద పడతాది. మరక పడిన చీర ఎవురు కట్టుకుంటారు?"

ఆయన చెప్పింది నిజం. లైనుమ్యాను హనుమంతరాయుడు ఫ్యూజు వేసి నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుంటూ మా దగ్గరికొచ్చాడు.

"ఈసారికి ఫ్యూజుతో పోయింది. మళ్ళసారి లోపలి చుట్టే కాలిపోతాది. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కావాలని ఆఫీసుకు రాసినా. ఎండాకాలం కదా, అన్ని ఊర్లోళ్ళూ అదే అడుగుతాండారు. అది వచ్చేదాకా ఇంత బరువు ఇది మోయదు" అన్నాడు.

"మోయకపోతే బరువు దించుదాం" అన్నాడు మల్లికార్జునన్న. "అమాస లోపల ఆటోలు ఈ లైను మీదనుంచి తీసెయ్యల్ల. రాప్తాడు కాడ హైవే మీద ఛార్జింగు పెట్టే జాగా ఉండాదంట. ఆడికి పోండి."

"రాప్తాడుకు పోయి వచ్చేసరికి పెట్టిన ఛార్జింగు దారికే సరిపోతాది గదన్నా" అన్నాను నేను.

"అది నీ తిప్పలమ్మా. నా తిప్పలు నేను చెప్పినా" అని వెళ్ళిపోయాడు.

నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. ఇంటికొచ్చి గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టాను. మా ఆయన అదంతా చూసి, మాట్లాడకుండా పెట్టె మీది గుడ్డసంచి దులిపి, రెండు అంగీలు మడిచి అందులో పెట్టాడు. సంచిని తలుపు పక్క మేకుకు తగిలించాడు.

"ఆటో లేకపోతే ఈడ మనకు ఏముందే? నా ఒగని కూలితో ఇల్లు నడస్తాదా? బెంగుళూర్లో మా చిన్నాయన కొడుకు ఉండాడు, బిల్డింగు పని ఇప్పిస్తాడు. ముగ్గురం పోదాం."

"నేను రాను. స్టీరింగు పట్టిన చేత్తో నేను ఇటుకలు మోయను."

"మోయకపోతే ఏం తింటావు?"

మా పల్లెల నుంచి బెంగుళూరు పోయినవాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలుసు. రేకుల షెడ్డులో కాపురం, పండక్కి వచ్చినప్పుడు ఊళ్ళో చుట్టం, ఆడ పరాయి. నేను ఎంతో మందిని స్టేషన్లో దింపి వచ్చాను, నన్ను ఇంకొకరు అక్కడ దింపే రోజు మాత్రం నాకు వద్దు. అన్నం వడ్డించాను.

అప్పుడు మంచం మీది నుంచి మామ అన్నాడు, "ఈశ్వరమ్మా, కరెంటు ఆ డబ్బా కాడ బలంగా ఉండి, మన కాడికి వచ్చేతలికి సన్నబడతాండాది గదా?"

"అవును మామా. మనది చివరి వరస."

"ఫ్యాను సూస్తానే తెలుస్తాండాది. మల్లికార్జున ఇంట్లో రెక్కలు కనపడవు. మనింట్లో లెక్కపెట్టుకోవచ్చు." లేచి కూర్చున్నాడు. "అందరూ ఒగేసారి మడవ తెరిస్తే ఎవురి మడికీ నీళ్ళు ఎక్కవు. బతుకంతా నేను చేసింది ఆ పనే గదమ్మా. మడవలు మూయడం."

"ఇది కరెంటు నాయనా, నీళ్ళు కాదు" అన్నాడు మా ఆయన.

"నిండిన చెరువుకు నీరుగంటితో పని లేదురా. అడుగంటితేనే పని" అన్నాడు మామ. ఆ రోజు ఆయన అన్నం రెండోసారి వడ్డించుకున్నాడు.

తెల్లారి నేను ముఖం కడుక్కుంటుంటే మామ పార భుజాన పెట్టుకుని వీధిలో నిలబడి ఉన్నాడు. పార ఎందుకని అడిగితే, అది లేకపోతే నడక సరిగ్గా రాదన్నాడు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మొదలుపెట్టి స్తంభం స్తంభం కింద ఆగుతూ, తలెత్తి తీగలు చూస్తూ మా ఇంటిదాకా వచ్చాడు. కాలువ గట్టు మీద నడిచినట్టే నడిచాడు. ఏ ఇంట్లో ఆటో ఉందో, ఏ ఇంట్లో మగ్గం ఉందో నేను చెబుతూ వెనక నడిచాను. పిల్లలు మాకు వెనకాల నడిచి నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

అటునుంచి అటే మల్లికార్జునన్న ఇంటికి పోయాం. ఆయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని ఉన్నాడు. వాళ్ళమ్మ వెంకటలక్ష్మమ్మ అవ్వ పక్కన పట్టు చుట్టుకుంటోంది. చూపు తగ్గినా ఆవిడ చేతులు ఆగవు.

"అమాస దాకా గడువు ఇచ్చినావు కదన్నా. ఈ లోపల ఒగటి చేసి సూస్తాం" అన్నాను. "దీపాలు పెట్టినాక మీరు మగ్గం దిగేదాకా ఏ ఆటోకూ ప్లగ్గు పెట్టం. మీరు దిగినాక వంతుల మీద పెడతాం. ముందు చివరి వరస, తర్వాత నడిమి వరస, ఆఖరున ముందర వరస."

"చివరోళ్ళకు ముందెందుకు? మీ వరస అనేనా?"

జవాబు మామ చెప్పాడు. "మొదటి మడోడు ఎప్పుడైనా తడుపుకుంటాడప్పా, నీళ్ళు వాని గట్టు మీదనే పోతాంటాయి. చివరోనికి ముందు పారకపోతే ఇంగ పారదు. ఇది నేను పెట్టిన కట్టు కాదు, మా తాతలది."

"మరి మీ ఇంటికి ఎప్పుడు?"

"నీరుగంటి మడికి అందరికన్నా ఆఖరు. అదీ కట్టే."

మల్లికార్జునన్న నమ్మినట్టు లేడు. వెంకటలక్ష్మమ్మ అవ్వ మాత్రం చుట్టడం ఆపి అడిగింది, "వంతు ఎవురిదో ఎట్ల తెలుస్తాది? నోటిమాట మీద నిలబడేటోళ్ళేనా ఈ కాలనీలో?" లోపలికి పోయి ఒక పాత నాడె తెచ్చింది. మగ్గంలో పేక పోగును అటూ ఇటూ మోసే నాడె, పట్టుకుని పట్టుకుని నున్నగా అరిగిపోయి ఉంది. "మా అత్తది. నేతకు ఇంగ పనికిరాదు. ఇది ఏ వరస స్తంభానికి వేలాడితే ఆ వరసదే వంతు. ఏమంటావు ఆంజినప్పా?"

"బాగుండాది" అన్నాడు మామ.

"ఒగ్గసారి ఫ్యూజు పోయినా అమాస దాకా ఆగేది లేదు" అన్నాడు మల్లికార్జునన్న. సరేనన్నాను. అనడానికి ఏముంది, నోరే కదా.

ఆటోలవాళ్ళను ఒప్పించడానికి రెండు సాయంత్రాలు పట్టింది. నడిమి వరసలో ఉండే శశికుమార్ ఒక్కడే చాలాసేపు గునిశాడు. "కరెంటు బిల్లు నేను కట్టుకుంటాండా. నా ప్లగ్గు నేను ఎప్పుడు పెట్టుకుంటే ఈ ముసలాయనకు ఏమి?" అన్నాడు. మిగతావాళ్ళకు కూడా నమ్మకం ఏమీ లేదు, కానీ వేరే దారి లేదు. మునిగేవాడికి గడ్డిపోచే ఆధారం అన్నట్టు ఒప్పుకున్నారు.

మొదటి రోజు మగ్గాలు దిగాక మామ నాడెను మా వరస స్తంభానికి తగిలించాడు. మాది తప్ప మా వరస ఆటోలన్నీ ఒక్కసారే ప్లగ్గు పెట్టుకున్నాయి. మామ ఆనవాయితీ అది. కాలువ తడవడానికే సగం నీళ్ళు ఇంకిపోతాయి కాబట్టి, అక్కడో మడి ఇక్కడో మడి కాకుండా ఒక వరస మొత్తం పారాకే ఇంకో వరసకు నీళ్ళు తిప్పాలి. వీధిలో మంచం వేసుకుని, పారను పక్కన పెట్టుకుని పడుకున్నాడు. కాసేపటికి ఠప్పుమని శబ్దం వచ్చింది. కాలనీ చివరి వరస చీకటైంది. ఆ పాడైన ఫ్యూజు వేయాలంటే మొత్తం లైను ఆపాలట. ఫోను చేస్తే సబ్‌స్టేషన్లో ఆపేశారు. వేరే ఊళ్ళో పనిలో ఉన్న లైనుమ్యాను వచ్చేసరికి తెల్లవారింది. అంతవరకూ ఒక్క ఫ్యాను తిరగలేదు. పసిపిల్లలు ఏడుస్తూనే ఉన్నారు. చల్లపూట మగ్గమెక్కుదామని లేచిన నేతగాళ్ళు వాకిళ్ళలో విసనకర్రలతో కూర్చున్నారు. నా జన్మలో అంత సిగ్గు పడింది లేదు.

వెలుతురు వచ్చేవేళకు ట్రాన్స్‌ఫార్మరు కింద అందరూ చేరారు. హనుమంతరాయుడు నిచ్చెన మీది నుంచే అడిగాడు, "ఒగే వరసోళ్ళు అందరూ ఒగేసారి పెట్టమని ఎవురు చెప్పినారు?"

"నేనే" అన్నాడు మామ.

లైనుమ్యాను దిగి వచ్చి, మామను చెయ్యి పట్టుకుని స్తంభం కిందికి తీసుకుపోయి చూపించాడు. వేళాకోళం చేయలేదు, అది నేను మరిచిపోను. "సూడు పెద్దాయనా. దీంట్లోంచి వచ్చేది ఒగ తీగ కాదు, మూడు. ఎరుపు, పసుపు, నీలం అంటాం మేము. ఒగొగ వరసకు ఒగటి ఇచ్చినాం. మీ వరసంతా ఒగే తీగ మీద పడినారు. తక్కినవి రెండూ ఊరికే ఉండాయి, ఇదొగటే సచ్చేంత మోసింది."

మామ తీగల వంక చాలాసేపు చూశాడు. "కాలువ ఒగటే అనుకుంటి" అన్నాడు. "మూడు కాలువలుండాయి. తప్పు నాదే."

"తప్పెవరిదైనా మాట మాటే" అన్నాడు మల్లికార్జునన్న. రాత్రి నిద్ర లేని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఒగ్గసారి పోయినా ఆగేది లేదని అనుకున్యామా లేదా?"

మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో బెంగుళూరు బస్సు కనిపించింది నాకు. నేను మామ చేతిలోంచి నాడె తీసుకుని మల్లికార్జునన్న ముందుకు పోయాను.

"అనుకున్యాం అన్నా. తప్పు మా ఇంటిది, కాబట్టి నష్టం మా ఇంటికే. ఈ ఎండాకాలం పోయేదాకా మా ఆటో రేత్రి వంతులోకి రాదు. మద్దేనం మీరు మగ్గం దిగి కునుకు తీసేటప్పుడు, అందరి ఆటోలూ రోడ్డు మీద ఉండేటప్పుడు పెట్టుకుంటా."

"మద్దేనం బెంగుళూరు రైలు వస్తాది గదే?" అన్నాడు మా ఆయన వెనక నుంచి. పెళ్ళిచీరలకు వచ్చేవాళ్ళంతా ఆ రైలుకే దిగుతారు. నా సంపాదనలో సగం పైన ఆ రైలుదే.

"వస్తే రానీ. తక్కిన ఆటోలోళ్ళకు వంతు మాత్రం నడవనీ అన్నా. మళ్ళీ ఫ్యూజు పోతే ముందు నా ఆటో అమ్మేస్తా. ఆ తర్వాత వాళ్ళను పొమ్మను."

వెంకటలక్ష్మమ్మ అవ్వ లైనుమ్యానును అడిగింది, "ఒగొగ తీగ మీద ఒగొగ ఆటో అయితే మోస్తాదా నాయనా?"

"సుఖంగా మోస్తాదవ్వా."

అవ్వ కొడుకు వైపు తిరిగింది. "ఒగ పోగు తెగితే మగ్గం తగలబెడతామా? అతుక్కుంటాం" అని ఇంట్లోకి పోయింది. వచ్చేటప్పుడు ఇంకో రెండు పాత నాడెలు తెచ్చింది. నా చేతిలోది తీసుకుని, ఒకదానికి ఎర్రపట్టు, ఒకదానికి పసుపు, ఒకదానికి నీలం చుట్టి ముడి వేసింది. వరసకు ఒక నాడె. నాడె ఎవరింట్లో ఉంటే వాళ్ళదే వంతు, ఛార్జింగు నిండగానే పక్కింటికి ఇవ్వాలి. మల్లికార్జునన్న అది చూసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. వద్దనలేదు. అది చాలు మాకు.

అమావాస్య వచ్చింది, పోయింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ కార్తెలో నేను ప్రతి మధ్యాహ్నం ఆటోను వేపచెట్టు కింద పెట్టి, ప్లగ్గు పెట్టి, వెనక సీట్లో కూర్చునేదాన్ని. స్టేషను వైపు నుంచి బెంగుళూరు రైలు కూత వినిపించేది. ఆ రైల్లోంచి దిగి, బేరమాడి, వేరే ఆటో ఎక్కుతున్న పెళ్ళివాళ్ళు నా కళ్ళ ముందు తిరిగేవాళ్ళు. దాచుకోవడం ఎందుకు, ఒకటి రెండుసార్లు ఏడ్చాను కూడా. కానీ ప్లగ్గు పీకి పోలేదు. మాట ఇచ్చిన దాన్ని నేను, నా చేత ఎవరూ బలవంతంగా ఇప్పించలేదు.

మా ఆయన అన్నానికి వచ్చినప్పుడు, "రైలు వచ్చిందే" అనేవాడు.

"వింటి" అనేదాన్ని.

ఒకరోజు ఆ సంచిలో దుప్పటి కూడా పెట్టాడు. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను. పోనని నేను చెప్పాను, పోదామని ఆయన మళ్ళీ అనలేదు. సంచి మాత్రం మా ఇద్దరి మధ్య వేలాడుతూనే ఉంది.

మామ మాత్రం మారిపోయాడు. పగలు నిద్ర, రాత్రి మేలుకోవడం. ఏ ఇంట్లో ఆటో నిండిందో, నాడె ఎవరి చేతిలో ఉందో ఆయనకు నోటికి ఉండేది. వంతు వచ్చినవాడు నిద్రలో ఉంటే పార కొసతో తలుపు తట్టేవాడు. మొదట్లో తిట్టినవాళ్ళే తర్వాత, "ఆంజినప్పా, నా వంతుకు కొంచెం గట్టిగా తట్టు" అని చెప్పి పడుకునేవాళ్ళు. ఆయనకు ఆకలి పెరిగింది, మాటలు పెరిగాయి, నా వంటకు వంకలు పెట్టడం కూడా పెరిగింది. ఉప్పు తక్కువని ఆయన అన్న రోజు నాకు సంతోషం వేసింది.

అన్నిటికన్నా గట్టి పరీక్ష ఒక సాయంత్రం వచ్చింది. ఆ రోజు గాలి లేదు. గోడలు, మంచాలు, తాగే నీళ్ళు, అన్నీ కాలుతున్నాయి. హనుమంతరాయుడు బండి మీద వచ్చి, దిగకుండానే చెప్పాడు, "పక్క కాలనీది కాలిపోయింది ఈశ్వరమ్మా. పైనుంచే కరెంటు సన్నంగా వస్తాండాది. మీది కూడా అంచున ఉండాది. మగ్గాలు దిగేదాకా కొంచెం సూసుకోండి."

మల్లికార్జునన్న ఇంట్లో పెళ్ళికూతురి చీర కొంగు నేత మీద ఉంది. తెల్లారితే ఇచ్చేయాలి. నేనూ మామా చెరో వైపు బయల్దేరి ఇల్లిల్లూ తిరిగాం. ఇంటికి ఒక్క ఫ్యాను ఉంచి, కూలరు, మోటరు ఆపమని అడిగాం. కొందరు ఆపారు, కొందరు గొణిగి ఆపారు. నడిమి వరసలో శశికుమార్ వాకిట్లోకి పోయేసరికి ఆటోకు వైరు తగిలించి ఉంది. నాడె అతనింట్లో లేదు. అసలు వంతులే ఇంకా మొదలు కాలేదు.

"శశీ, తీసెయ్" అన్నాను.

"పొద్దన్నే పెండ్లివాళ్ళు లేపాక్షికి పోతారంటక్కా. అంత దూరం బాడుగ మళ్ళ యాడ దొరకతాది? ఈ ఒగ్గ రోజుకు ఇడిసిపెట్టు."

"ఒగ్గ రోజుకే అందరమూ ఇడిసిపెడితే వంతెక్కడుంటాది?"

"నీకేమి, చెబుతావు. నీ ఆటో మద్దేనమే నిండింది."

నేను వంగి ప్లగ్గు పీకాను. శశి నా మీదికి వచ్చాడు, వాళ్ళమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. నేను వైరు వదల్లేదు. కొంగు ముడి విప్పి మా ఆటో తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాను.

"నా ఆటో నిండుగా ఉండాది. పొద్దన్నే దాంట్లో లేపాక్షికి పో. బాడుగ నీదే. నీది వంతొచ్చినాక పెట్టుకో."

శశికుమార్ తాళంచెవి వంక, నా వంక చూశాడు. "మరి రేపు నీకు?"

"రేపు నడుస్తా."

శశి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. లోపలికి పోయి వాళ్ళింటి కూలరు కూడా ఆపేసి వచ్చాడు. అప్పటికి చుట్టుపక్కల వాకిళ్ళలో జనం నిలబడి ఉన్నారు. ఒక్కో ఇంట్లో ఒక్కో మోటరు ఆగడం నాకు వినిపించింది. మా వీధి దీపం సన్నబడింది, ఎర్రబడింది, ఆరిపోతుందేమో అన్నంతగా అయింది. ఆరలేదు. మల్లికార్జునన్న ఇంట్లో మగ్గం చప్పుడు టకటకమంటూనే ఉంది. అది ఆగి, కొంగు అయిపోయిందని అవ్వ వాకిట్లోకి వచ్చి చెప్పేదాకా వీధిలో ఎవరమూ కూర్చోలేదు. ఆ తర్వాత మామ మూడు నాడెలూ మూడు వరసలకు పంపాడు.

మరుసటి రోజు నిజంగానే నడిచాను. కూరగాయలకు బజారుకు నడిచి పోయి, నడిచి వచ్చాను. కాళ్ళు నొచ్చాయి గానీ మనసు తేలిగ్గా ఉంది.

మృగశిరలో మొదటి వాన పడింది. పెళ్ళి ముహూర్తాలు అయిపోయాయి, కూలర్లు మూల చేరాయి. ట్రాన్స్‌ఫార్మరు అదే, పెద్దది ఇంకా రాలేదు. నాడెలు మాత్రం అలవాటుగా ఇంటింటికీ తిరుగుతూనే ఉన్నాయి. వాన వెలిసిన సాయంత్రం మా వాకిట్లో అడుగుల చప్పుడైతే బయటికి వచ్చాను. ముందు వెంకటలక్ష్మమ్మ అవ్వ, ఆవిడ చెయ్యి పట్టుకుని మల్లికార్జునన్న, వెనక శశికుమార్, వాళ్ళ వెనక మూడు వరసల ఆడా మగా. అందరి చేతుల్లో చేటలు. బియ్యం, కొర్రలు, వేరుశనక్కాయలు, ఎవరికి ఉన్నది వాళ్ళు. అవ్వ చేటలో బియ్యం మీద ఒక బెల్లం అచ్చు, పట్టు రవికెగుడ్డ ఒకటి ఉన్నాయి.

"ఆంజినప్పా" అంది అవ్వ. "మాకు మళ్ళు లేవు, కల్లాలు లేవు. అయినా నీరుగంటికి మేర ఇయ్యకపోతే తప్పంట గదా. తీసుకో."

మామ మంచం మీది నుంచి లేచాడు. ఎన్ని కరువుల కిందట ఆగిపోయిన మేరో అది. చేట అందుకోవడానికి చేతులు చాచినవాడే, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, నా వైపు చెయ్యి చూపించాడు.

"నాకు గాదవ్వా. నేను కాలువ ఒగటే అనుకున్నోన్ని. ఈ ఎండాకాలం తన మడి ఎండబెట్టుకుని మీ మళ్ళు తడిపింది ఆయమ్మి. నీరుగంటి ఆయమ్మి. మేర ఆమెకియ్యండి."

మా వంశంలో నీరుగంటి పని మగవాళ్ళదే. పార కూడా ఆడవాళ్ళు ముట్టరు. నేను ఏం చేయాలో తెలియక గడపలోనే నిలబడ్డాను. అవ్వ చేట ముందుకు చాచింది, ఆ చేతులు బరువుకు వణుకుతున్నాయి.

"అవ్వ చేతులు నొస్తాండాయి, పట్టమ్మా" అన్నాడు మల్లికార్జునన్న. "ఇంగో మాట. మా పాపకు కరెంటు బండి కొనల్ల అనుకుంటాండా. మా ఇంటికి వంతు ఎప్పుడు?"

"ట్రాన్స్‌ఫార్మరు ముందరి ఇల్లు గదన్నా" అన్నాను. "మొదటి మడికి చివరి వంతు. నీ తర్వాత నీరుగంటికి, అంటే నాకు."

మల్లికార్జునన్న నవ్వాడు. "అట్లనే కానీ" అన్నాడు.

నేను చేట అందుకున్నాను. అంత ధాన్యం పోసుకోవడానికి మా ఇంట్లో సరైన డబ్బా లేదు. వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన తలుపు పక్క నిలబడి ఉన్నాడు. ఆ రోజు రంగు చేతులు పసుపుగా ఉన్నాయి. మేకుకున్న సంచి దించి, అంగీలు, దుప్పటి తీసి మామ మంచం మీద వేశాడు. ఖాళీ సంచిని రెండు చేతులా నోరు తెరిచి పట్టుకుని నా ముందుకు వచ్చాడు.

"పోయ్" అన్నాడు.